గద్దముక్కు కింద ఎవరూ లేరు

ఫోచా
14 ఆగస్టు 1993

ఫిక్రియే అత్తకు,

నీ చేయి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంటున్నాను. క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన అంజీర పళ్ళలో సగం బస్సులోనే అయిపోయాయి. పక్కసీటు ఆవిడ నాకంటే ఎక్కువ తింది. ఇక చాలని చెప్పడం నాకు చేతకాలేదు.

ఇజ్మిర్‌లో క్రైస్తవ సిస్టర్ల బడి గ్రంథాలయంలో నా ఉద్యోగానికి డిసెంబరు దాకా సెలవు పెట్టాను. సిస్టర్ ఒడిల్ వెంటనే ఒప్పుకున్నారు. "వెళ్ళు, సముద్రం దగ్గరైనా నీ గొంతు పెరుగుతుందేమో" అన్నారు. నాకు పదకొండేళ్ళప్పుడు నువ్వు నన్ను తెచ్చి ఆవిడకు అప్పగించిన రోజు నుంచీ ఆవిడ నన్ను "కొంచెం గట్టిగా మాట్లాడు" అంటూనే ఉన్నారు.

ఇక్కడ మా సంఘం ఒక తాళ్ళ దుకాణం పై అంతస్తులో ఉంది. మేం కాపాడాలనుకుంటున్నది సీల్ అనే సముద్ర జంతువుని. మన ఊళ్ళో ఎలుగు చేప అంటారే, అదే. దేశం మొత్తం మీద వంద కూడా మిగల్లేదట. మిగతా స్వచ్ఛంద సేవకులు కొండలెక్కి దుర్భిణులు పట్టుకుని కూర్చుంటారు, జాలర్లతో మాట్లాడతారు. నన్ను కూడా మొదటి రోజు రేవుకు పంపారు. ఒక జాలరి "ఏం కావాలమ్మా?" అంటే "ఏమీ లేదండీ" అని తిరిగొచ్చేశాను. మా పెద్ద సెర్మెత్ గారు నవ్వలేదు. నాకు ఒక బల్ల, దస్త్రాలు, గోడమీద పటం అప్పగించారు. తీరం పొడుగునా ఊళ్ళకు ప్రశ్నల కాగితాలు పంపడం, తిరిగొచ్చినవి పటం మీద ఎక్కించడం నా పని. సీల్ ఉన్నచోట నల్ల చుక్క, లేనిచోట ఖాళీ సున్న.

మన ఇంజిర్‌బుకుకు మూడు కాగితాలు పెడుతున్నాను. ఒకటి నీకు, ఒకటి దుర్సున్ తాతకు, ఒకటి సహకార సంఘం హుర్షిత్ గారికి. ప్రశ్నలు సులువే. చూశారా, ఎక్కడ, ఎన్ని, పిల్ల ఉందా.

నేను ఇప్పటికి ఒక్కసారే చూశాను. పన్నెండు నిమిషాలు. నీళ్ళలోంచి తల ఎత్తి, ఎవరో పిలిస్తే వినబడనట్టు, మళ్ళీ దించుకుంది. నాకు ఎందుకో చాలా దగ్గరి మనిషిలా అనిపించింది.

నీ
నెర్గిస్

*

ఇంజిర్‌బుకు
27 ఆగస్టు

నా కంటి వెలుగు నెర్గిస్‌కు,

నీ రెండు కళ్ళూ ముద్దుపెట్టుకుంటున్నాను. నా సంగతి అడుగుతావేమో, మోకాలు తప్ప అంతా బాగానే ఉంది. మోకాలు కూడా గాలి దక్షిణం నుంచి వీచినప్పుడే.

స్వచ్ఛంద సేవ అంటే ఏమిటని మన టపా అతన్ని అడిగాను. జీతం ఇవ్వరు, పని చేయించుకుంటారు అన్నాడు. ఆ ఉద్యోగం నేను పెళ్ళైన రోజు నుంచీ చేస్తున్నానే, దానికి అంత పేరుందని తెలీదు. ఇన్నేళ్ళు చదివింది ఇందుకా పిల్లా? తింటున్నావా? తర్హానా చారు పొడి పంపుతున్నాను, నీళ్ళలో కలిపి మరిగిస్తే చాలు, అదీ రాకపోతే తాళ్ళ దుకాణం వాణ్ణి అడుగు. ఇంతకీ ఆ సెర్మెత్ గారు ఎవరు? నవ్వలేదని ప్రత్యేకంగా రాశావు. వయసెంత, పెళ్ళయిందా? సిగ్గుపడకు, నేనూ ఆడదాన్నే.

నీ కాగితాలు మూడూ నింపి పెట్టాను. దుర్సున్‌కు కళ్ళజోడు పగిలింది, నేనే అడిగి రాశాను. హుర్షిత్ వాడి ముద్ర కూడా వేసి ఇచ్చాడు. ముగ్గురిదీ ఒకటే మాట. లేదు. ఎలుగు చేప ఈ నీళ్ళలో ఎప్పుడో పోయింది. వెతికి ప్రయోజనం లేదని నీ పెద్దాయనకు చెప్పు. అటువైపు ఎక్కడైనా వెతుక్కోమను, సముద్రం పెద్దది.

ఈ వారమంతా వల బాగుచేసుకోవడమే సరిపోయింది. దరిద్రపు డాల్ఫిన్, మళ్ళీ అదే తీరు: ఒక పెద్ద కన్నం, దాని కింద అటొకటి ఇటొకటి రెండు చిన్నవి. దొంగ వచ్చి వంటింట్లో బోర్లించిన గిన్నెలు మళ్ళీ బోర్లించి పోయినట్టు, ఎంత పద్ధతిగా తింటుందో. తిననీ. నేనొక్కదాన్ని ఎంత తింటాను.

ఊళ్ళో పెద్ద కబురు ఒకటుంది. మనకు రేవు కడతారట. విహార పడవలు వస్తాయట. అలలకు అడ్డుగోడ కట్టడానికి రాయి కావాలి కదా, గద్దముక్కు కొండ పేల్చి తీస్తారట. హుర్షిత్ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, రేవు ఇంకా కాగితం మీదే ఉంది.

బాగా తిను.

నీ అత్త

*

ఫోచా
9 సెప్టెంబరు

అత్తా,

తర్హానా అందింది. నేనే చేశాను, మాడలేదు. తాళ్ళ దుకాణం వాళ్ళకు కూడా నచ్చింది.

సెర్మెత్ గారికి యాభై ఎనిమిదేళ్ళు. కట్టుడు పళ్ళు. భార్య పేరు నెబాహత్, ఆవిడ మధ్యాహ్నం వచ్చి మా అందరినీ తిడుతుంది. ఇంకేమైనా తెలుసుకోవాలా?

కాగితాలకు కృతజ్ఞతలు. ఇంజిర్‌బుకు దగ్గర ఖాళీ సున్న నేనే గీశాను. మన ఊరి పక్కన గీయడం కష్టంగా అనిపించింది, కానీ నిజం నిజమే కదా. అవి సరైన సమయానికి వచ్చాయి. గద్దముక్కు కింద సీల్స్ ఏమైనా ఉన్నాయా, రాయి తీయడానికి అభ్యంతరం ఉందా అని జిల్లా ఆఫీసు నుంచి మాకు ఉత్తరం వచ్చింది. జవాబు రాసే పని నాకే ఇచ్చారు. "ఆ ఊరి ముగ్గురు జాలర్ల వాంగ్మూలం ప్రకారం అక్కడ ఎవరూ లేరు" అని రాశాను. సీల్స్ అని రాయాల్సింది, చేయి అలా వెళ్ళింది. సెర్మెత్ గారు దిద్ది, సంతకం పెట్టి, శుక్రవారం పంపించారు. నేను రాసిన మొదటి ప్రభుత్వ ఉత్తరం. సిస్టర్ ఒడిల్‌కు నకలు పంపాలనిపించింది.

ఒక్క విషయం. నువ్వు వల గురించి రాసిన మాట బాగుందని నిన్న వాళ్ళకు చదివి వినిపించాను, దొంగ, గిన్నెలు. సెర్మెత్ గారు బాగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, కన్నాలు ఎలా ఉన్నాయన్నారు, మళ్ళీ చదవమన్నారు. పెద్దది సీల్ నోటితో పడుతుందట, చిన్నవి రెండూ దాని ముందు చేతుల గోళ్ళు ఆనించిన చోటట. డాల్ఫిన్‌కు ఆనించడానికి గోళ్ళు లేవు.

"మీ అత్తగారు డాల్ఫిన్‌ని దగ్గరగా ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు.

"ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూస్తోంది" అన్నాను.

ఆయన పటం మీద నేను గీసిన ఖాళీ సున్న కేసి చూశారు.

అత్తా, అది డాల్ఫినేనా?

నెర్గిస్

*

ఇంజిర్‌బుకు
20 సెప్టెంబరు

నెర్గిస్,

నా ఉత్తరం పరాయి మగాడికి చదివి వినిపించావా? రెండు సార్లు? నేను మోకాలి గురించి కూడా రాశాను.

నీకు రాసేటప్పుడు నేను ఈ గట్టు మీద కూర్చుని నీతో మాట్లాడుతున్నాననుకుంటాను. ఒక గది నిండా మనుషులు, కట్టుడు పళ్ళాయన, వింటున్నారని తెలిస్తే నేను రాయను. చదువుకున్నదానివి, ఇది నీకు నేను చెప్పాలా?

డాల్ఫిన్ అన్నాను, డాల్ఫినే. ఎక్కడ, ఎన్ని, పిల్ల ఉందా. ఇవే ప్రశ్నలు ఇదే వరసలో అడిగినవాణ్ణి నేనొకసారి చూశాను. వాడి చేతిలోనూ కాగితం ఉంది. వాడూ మర్యాదగానే మాట్లాడాడు. ఆ కాగితాలు నీ చేతి మీదుగా వచ్చాయి కాబట్టి నింపాను, లేకపోతే పొయ్యిలో పెట్టేదాన్ని.

నిన్న పడవలో వచ్చి గద్దముక్కు మీద ఎర్ర రంగుతో గీతలు గీసి వెళ్ళారు. మందుగుండు అక్టోబరు ఆఖర్లో అంటున్నారు. పేలిస్తే ఆ చప్పుడుకు ఏవైనా ఉంటే అవే పోతాయి. జంతువులకు మనకంటే తెలివెక్కువ.

ఒక్కటి అడుగుతాను. ఊరికే అడుగుతున్నాను. నువ్వు రాసిన ఆ ప్రభుత్వ ఉత్తరం, దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీలవుతుందా?

ఫిక్రియే

*

ఫోచా
26 సెప్టెంబరు

అత్తా,

తప్పు చేశాను. నీ ఉత్తరాలు ఇక ఎవరికీ చదవను. మోకాలి గురించి చదవలేదు, అది నమ్ము.

మూడు రోజులుగా నా మీద నాకే కోపంగా ఉంది, అందుకు కారణం వేరు. చిన్నప్పుడు మామయ్య ఒడ్డుకు రాగానే ఎవరైనా "ఏమైనా పడిందా?" అంటే "లేదు" అనేవాడు. తడి గోనె కింద బుట్ట నిండా చేపలుండేవి. "ఎటు వెళ్ళావు?" అంటే తూర్పుకు వెళ్ళినవాడు పడమర చూపించేవాడు. అడిగినవాడూ నమ్మేవాడు కాదు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. సముద్రంలో దొరికినదాన్ని ఉందని పైకి అనకూడదు. మన ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఇది తెలుసు. నాకూ తెలుసు. పదకొండేళ్ళు ఆ ఇంట్లోనే పెరిగాను. తర్వాత సిస్టర్ల దగ్గర, రాసిందే నిజమని నేర్చుకున్నాను. ఇంజిర్‌బుకు మనిషి "లేదు" అని రాస్తే, దాన్ని తీసుకెళ్ళి లేదని ముద్ర వేయించాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చు. కానీ నేను తీసుకోలేను, సెర్మెత్ గారూ తీసుకోలేరు. వలలో కన్నం సరిపోదు, ఆ వల ఎక్కడ వేశారని అడుగుతారు. రాసిన ముగ్గురిలో ఒకరు, ఆ జిల్లా అధికారి ముందు, తన పేరుతో, చోటు పేరుతో చెప్పాలి. ఆయన అక్టోబరు 12 ఉదయం మన ఊరు వస్తున్నాడు, కాఫీ కొట్టులో అందరినీ కూర్చోబెట్టి అడిగి సంతకం పెడతాడట.

ఇంకొకటి. మేం పట్టుకోం. పిల్ల పుట్టే ఈ నెలల్లో మా వాళ్ళెవరూ గుహ ఛాయలకు కూడా వెళ్ళరు, సెర్మెత్ గారైనా సరే. బెదిరితే తల్లి పిల్లని వదిలి పోతుంది, తిరిగి రాకపోవచ్చు. పిల్లకు మూడు నాలుగు నెలలు తల్లి పాలే. చప్పుడుకు పెద్దవి పోతాయని రాశావు. పోతాయి. పిల్ల పోలేక అక్కడే ఉండిపోతుంది.

నిన్ను చెప్పమనడం లేదు. తేదీ చెబుతున్నాను, అంతే. నిన్ను ఎవరడిగాడో, ఆ కాగితం ఏమిటో నాకు తెలీదు. చెప్పాలనిపిస్తే చెప్పు.

నీ నెర్గిస్

*

ఇంజిర్‌బుకు
4 అక్టోబరు

నెర్గిస్ తల్లీ,

ఇది తలుపు వేసుకుని చదువు.

నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళై నాలుగేళ్ళు, పిల్లల్లేరు, ఇక పుట్టరని ఊరు ఊరంతా నాకంటే ముందే తేల్చేసింది. నవంబరులో మూడు రోజుల తుఫాను. నాలుగో రోజు పొద్దున గులకరాళ్ళ ఒడ్డున కట్టెలు ఏరుకోవడానికి వెళ్ళాను. అక్కడ పడి ఉంది. నల్లగా, తడిసిన గొర్రెపిల్లలా బొచ్చు, పొట్ట మీద ఒక్కచోట తెల్లటి మచ్చ. గద్దముక్కు కింద గుహలోంచి అల కొట్టుకొచ్చింది. నేను వేలు చాపితే నోట్లో పెట్టుకుని చప్పరించింది.

తల్లి అక్కడే ఉంది. ఒడ్డుకు నలభై బారల్లో తల పైకెత్తి తిరుగుతోంది. మీ మామయ్య చూసి, "వదిలెయ్ ఫిక్రియే, మనం పోతే అది వచ్చి తీసుకెళ్తుంది" అన్నాడు. నేను వదల్లేదు. కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చి బట్టలుతికే తొట్టిలో పెట్టుకున్నాను. మేకపాలు పట్టాను. తాగలేదు, వేలే కావాలంది. రెండు రోజులు నా వేలు దాని నోట్లోనే ఉంది.

మూడో రోజు వాడొచ్చాడు, కాగితంతో. లారీలో ఇద్దరు మనుషులు. పెద్ద ఊళ్ళో కొలను ఉన్న తోట ఉందట, జంతువుల డాక్టరు ఉన్నాడట, మంచి నీళ్ళు, మంచి చేపలు, పిల్లలు వచ్చి చూసి ఆడుకుంటారట. ఎక్కడ దొరికింది, ఎన్ని ఉన్నాయి, ఇంకా పిల్లలున్నాయా అన్నాడు. అన్నీ చెప్పాను. గుహ దాకా పడవలో తీసుకెళ్ళి చూపించాను. వాళ్ళు మా పడవకు మోటారు ఇచ్చారు. లారీ ఎక్కించింది కూడా నేనే, తడి దుప్పటిలో చుట్టి. మీ మామయ్య ఆ పూట ఇంటికి రాలేదు.

అది పదకొండు రోజులు బతికిందట. లారీ అతను ఇంకోసారి ఇటు వచ్చినప్పుడు చెప్పాడు, చెప్పకపోయినా బాగుండేది. తల్లి మాత్రం ఆ నెలంతా రేవు నోటి దగ్గరకొచ్చి అరిచింది. ఎలుగు చేప అరుపు నువ్వు వినలేదు. ఆవు, మనిషి కలిసి ఏడ్చినట్టుంటుంది. ఊళ్ళో వాళ్ళు చెవులు మూసుకున్నారు, ఎవరూ నన్నేమీ అనలేదు. మీ మామయ్య కూడా చచ్చేదాకా ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ మోటారు మీద ఇద్దరం ఇరవై ఏళ్ళు సముద్రానికి వెళ్ళాం.

తర్వాత ఏడాది వాళ్ళు తల్లి కోసం వలలతో వచ్చారు. అప్పటికే అది వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ పైన ఈ నీళ్ళలో ఒక్కటీ లేదు.

ఎనిమిదేళ్ళ క్రితం గద్దముక్కు దగ్గర వల తీస్తుంటే ఆ మూడు కన్నాలు కనిపించాయి. పడవలో కూర్చుని ఏడ్చాను. అప్పటినుంచి అక్కడే వల వేస్తాను, తిననీ అని. ఎవరికీ చెప్పలేదు. దుర్సున్‌కు తెలియకూడదని పొద్దు ఎక్కాక వెళ్తాను. వారం క్రితం గుహ లోపలినుంచి సన్నగా, పిల్ల గొంతు వినపడింది.

ఇప్పుడు చెప్పు. నేను నోరు తెరిచినప్పుడు ఒక పిల్ల పోయింది. నోరు మూసుకుంటే ఇంకొకటి పోతుందంటున్నావు. అది నీ కాగితం కాబట్టి నమ్మాలా? వాణ్ణీ నేను నమ్మాను.

నీ అత్త

*

ఫోచా
8 అక్టోబరు
(మన వైపు వచ్చే మర్మారిస్ బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, టపాలో అయితే వేళకు అందదని)

అత్తా,

తలుపు వేసుకునే చదివాను. తర్వాత చాలాసేపు తెరవలేదు.

నన్ను నమ్మమని చెప్పను. సెర్మెత్ గారు మంచివారని కూడా చెప్పను, నువ్వు చూడని మనిషి. ఆ లారీ వాళ్ళు వెళ్ళి చూసేందుకు గుహ ఎక్కడని అడిగారు. మేం ఎవరూ వెళ్ళకుండా ఉండేందుకు అడుగుతున్నాం. నాకు తెలిసిన తేడా ఇదొక్కటే.

నువ్వు తొట్టిలో పెట్టుకుంది చంపడానికి కాదు. ఏడేళ్ళ తర్వాత మా అమ్మ పోయినప్పుడు, నాకు నాలుగు నెలలు నిండకముందే, నన్ను కూడా అదే కొంగులో చుట్టి తెచ్చుకున్నావు. ఆ చేతులు నాకు తెలుసు.

రమ్మంటే వస్తాను. కాఫీ కొట్టు నిండా మగవాళ్ళుంటారు, నా నోట మాట రాకపోవచ్చు. పక్కన నిలబడతాను.

వద్దన్నా నాకు కోపం రాదు. ఏం చేసినా నువ్వు మా అత్తవే.

నెర్గిస్

*

ఇంజిర్‌బుకు
15 అక్టోబరు

నా నెర్గిస్,

నీ ఉత్తరం డ్రైవరు జేబులోనే మరిచిపోయాడట, పన్నెండో తారీకు పొద్దున, వాళ్ళు కుర్చీలు వేస్తుంటే అందింది. రమ్మని పిలవడానికి వేళ లేదు. ఒక రకంగా మంచిదే. నువ్వు పక్కనుంటే నిన్ను చూసుకుంటూ నేను మాట మరిచిపోయేదాన్ని.

కాఫీ కొట్టులోకి నేను పుట్టాక అడుగుపెట్టలేదు, నీకు తెలుసు. ఏ ఆడదీ పెట్టదు. నేను గుమ్మం దాటగానే పేకాట ఆగిపోయింది. హుర్షిత్ లేచి, "ఏం కావాలి ఫిక్రియే అక్కా, ఎవరైనా పోయారా?" అన్నాడు.

"ఇంకా లేదు. నాకో టీ చెప్పు" అన్నాను.

అధికారి కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, మర్యాదస్తుడు. నీ ఉత్తరం నకలు ఆయన ముందే ఉంది. చదివాడు, "ముగ్గురు జాలర్ల వాంగ్మూలం ప్రకారం." అప్పుడు అన్నాను. "ఆ ముగ్గురిలో ఒకదాన్ని నేను. లేదు అని రాశాను. ఉంది. గద్దముక్కు కింద గుహలో తల్లి ఉంది, పిల్ల పుట్టింది."

"అబద్ధం రాశారా?" అన్నాడు.

"రాశాను. ముప్ఫై రెండేళ్ళ క్రితం నిజం చెప్పాను, అందుకని" అన్నాను. ఇక ఆపలేకపోయాను తల్లీ. నీకు రాసిందంతా చెప్పేశాను, తొట్టి, వేలు, లారీ. తల దించుకోకుండా చెప్పాను. టీ చల్లారిపోయింది.

అప్పుడు దుర్సున్ కర్ర నేలకేసి కొట్టాడు. "ఎనిమిదేళ్ళ నుంచా నీకు తెలిసింది? నేను పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను. నీకు తెలియకూడదని పొద్దు పొడవకముందే వెళ్ళి వస్తున్నాను" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నీకా? ఉన్న ఒక్కదాన్నీ లారీ ఎక్కించినదానికా?"

ఆ మాట గుండెల్లో దిగింది. కానీ నెర్గిస్, ముప్ఫై రెండేళ్ళకు ఒకరు నన్ను ఆ మాట అన్నారు. కుర్చీ మీద కూర్చున్నదాన్ని, ఒళ్ళంతా తేలికైపోయింది. దుర్సున్ భయపడి నా టీలో చక్కెర వేశాడు.

తర్వాత ఒకటే గోల. వెనకనుంచి ఒకడు, "నా వల కూడా కొరికింది, ఆరేళ్ళైంది" అన్నాడు. ఇంకొకడు ఏడేళ్ళన్నాడు. ముందు ఎవరు చూశారని పోట్లాట మొదలైంది. ఊరు ఊరంతా ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటున్నాం. అధికారి కలం కింద పెట్టి, "అయ్యా, ఉందా లేదా?" అన్నాడు. "ఉంది" అన్నారు, అందరూ ఒక్కసారి. మన ఊళ్ళో ఆ మాట అంతమంది నోట నేనెప్పుడూ వినలేదు.

హుర్షిత్ ఒక్కడే అనలేదు. అధికారి అడిగాడు, మీరూ లేదనే రాశారు కదా అని. వాడు గ్లాసులోకి చూస్తూ, "ఉంటే ఉంది. నాకు రేవు కూడా కావాలి. నా కొడుకులు ఈ చేపల మీద బతకలేరు" అన్నాడు. వాడిది అబద్ధం కాదు.

అధికారి సంతకం పెట్టలేదు. పై వాళ్ళకు రాస్తానన్నాడు. బయటికొస్తుంటే, "టీకి ఎంత?" అన్నాను. కొట్టువాడు, "ఈ కొట్లో ఆడవాళ్ళ రేటు ఇంకా పెట్టలేదు" అన్నాడు.

నీ చేత్తో రాసిన ఉత్తరం అబద్ధమైపోయింది. నీకు చెడ్డపేరు వచ్చిందా? వస్తే నా పేరు చెప్పు.

అత్త

*

ఫోచా
2 నవంబరు

అత్తా,

చెడ్డపేరు రాలేదు. సెర్మెత్ గారికి అంతా నేనే చెప్పాను, నీ తొట్టి సంగతి తప్ప. అది ఊరంతా విన్నదే అయినా, నా నోటితో చెప్పాలనిపించలేదు. ఆయన విని, "తీరం మొత్తం మీద మన దగ్గర ఎన్ని ఖాళీ సున్నలున్నాయి?" అన్నారు. నలభై ఒకటి. "ఎన్నింటిని నమ్మవచ్చు?" అన్నారు.

అందుకని ఇప్పుడు నేను కాగితాలు పంపడం లేదు. నేనే వెళ్తున్నాను. మొన్న ఇక్కడి రేవులో పదిహేను మంది జాలర్ల ముందు నిలబడ్డాను. ప్రశ్నలేమీ అడగలేదు. మా మామయ్య, తడి గోనె, "లేదు", అది చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన గట్టిగా మాట్లాడమ్మా అన్నాడు. మాట్లాడాను. వెళ్ళబోతుంటే ఒక ముసలాయన నా వెనకే వచ్చి, ఎటో చూస్తూ, ఒక చోటు పేరు చెప్పి వెళ్ళిపోయాడు.

జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. వసంతం దాకా గద్దముక్కు మీద మందుగుండు పెట్టరాదు. ఈలోగా గుహలో జంతువులున్నాయని బయటినుంచే చూసి, ప్రతి వారం రాసి ఇవ్వాలి. రాసి ఇస్తే అక్కడ రాయి ఎప్పటికీ తీయరు, వెనక కొండ నుంచి తెచ్చుకుంటారు. రేవు ఆలస్యమవుతుంది, ఆగదు. ఇది హుర్షిత్ గారికి చెప్పు.

చూసి రాసేది ఎవరని అడిగారు. నిన్ను అడగకుండానే నీ పేరు ఇచ్చాను. నియమాలు ఇవి: రెండు వందల అడుగుల దూరం, మోటారు ఆపేసి ఉండాలి, మేత వేయకూడదు, పిలవకూడదు, అది తనంతట దగ్గరికొచ్చినా ముట్టుకోకూడదు. చివరిది రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. వీలు కాదంటే చెప్పు, దుర్సున్ తాతను అడుగుతారు.

నెర్గిస్

*

ఇంజిర్‌బుకు
30 నవంబరు

నెర్గిస్,

దుర్సున్‌ను అడుగుతారా? వాడికి కళ్ళజోడే లేదు. నాలుగు వారాల కాగితాలూ వేరే కవరులో పెట్టాను, అన్నిటి మీదా చోటు పేరు పూర్తిగా రాశాను. ఈ ఉత్తరం మాత్రం నీకు.

హుర్షిత్‌కు చెప్పాను. తల ఊపాడు. ఊరి చేపలు అమ్మకానికి తీసుకెళ్ళే వాడి మంచుగడ్డల లారీలో నావి ఇంకా ఎక్కించుకోవడం లేదు. బుట్ట పట్టుకుని చిన్న బస్సులో అక్యాకా వెళ్ళి అమ్ముకుంటున్నాను. బస్సులో వాళ్ళు ముక్కులు మూసుకుంటారు, నేను కిటికీ తీస్తాను. ఎన్నాళ్ళో తెలీదు. వాళ్ళావిడ నిన్న గోడ మీదుగా ఒక గిన్నె పెరుగు అందించింది, ఎటూ చూడకుండా.

నిన్న మధ్యాహ్నం గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. నువ్వు చెప్పిన దూరంలోనే మోటారు ఆపి కూర్చున్నాను. ముందు తల్లి బయటికొచ్చింది, తర్వాత అది. బొచ్చు రాలిపోతోంది, అక్కడక్కడ వెండి రంగు కొత్త ఒళ్ళు కనిపిస్తోంది. ఈత ఇంకా సరిగా రాదు, మునిగి వేరే ఎక్కడో తేలి, తనే ఆశ్చర్యపోతోంది. తల్లి చేపను పట్టుకుని వదిలేస్తుంది, అది వెంటపడుతుంది, దొరకదు. చాలాసేపు చూశాను.

అప్పుడది నన్ను చూసింది. తిన్నగా పడవ దగ్గరికొచ్చింది. నేను పిలవలేదు, నువ్వు దుర్సున్‌ను కూడా అడిగి తెలుసుకోవచ్చు, కొండ మీద గొర్రెల వంకతో వాడు నన్ను కాపలా కాస్తున్నాడు. పడవ అంచుకు మూర దూరంలో తల పైకెత్తి నిలబడింది. మీసాల మీద నీటి చుక్కలు. కళ్ళు ఎంత పెద్దవో. పొట్ట మీద అదే మచ్చ. తల్లి దూరం నుంచి చూస్తోంది, అరవలేదు.

నా వేళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. బల్ల చెక్క గుచ్చుకుంది. కదల్లేదు. అది ఊపిరి వదిలితే నా మొహానికి చేపల వాసన కొట్టింది. "పో, మీ అమ్మ చూస్తోంది" అని మనసులోనే అన్నాను, పైకి అనలేదు.

వెళ్ళింది. తల్లీ పిల్లా కలిసి కొండ కిందికి వెళ్ళిపోయారు.

చేతులు తిమ్మిరెక్కాయి. వాటిలో ప్రాణం వచ్చేదాకా అక్కడే కూర్చుని, తర్వాత మోటారు తిప్పాను.

నీ అత్త
ఫిక్రియే